హాంకాంగ్ కోటా ఫైళ్ళ కోసం క్యూలో ఎనిమిది రోజులు

పోయిన సెప్టెంబరులో ఎనిమిది రోజులు క్యూలో గడిపాను. నిలబడే క్యూ కాదు, లండన్‌లో ఒక పేట పేరు. బ్రిటన్ ప్రభుత్వం తన పాత కాగితాలు దాచుకునే నేషనల్ ఆర్కైవ్స్ అక్కడే ఉంది. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. చెన్నైలో ఒక గార్మెంట్స్ ఎగుమతి కంపెనీలో కోటా గుమాస్తాగా చేరి, షిప్పింగ్ మేనేజరుగా రిటైరైనవాణ్ణి. కోటా అంటే, ఇంతకు మించి బట్టలు పంపొద్దని కొనే దేశం పెట్టే పరిమితి. అమెరికా కోటా జాబితాలో 340 కేటగిరీ అంటే మగవాళ్ళ కాటన్ చొక్కాలని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎన్ని డజన్లు పంపొచ్చు, ఎన్ని మిగిలాయి, ఎవరి కోటా కొనుక్కోవాలి, ఇన్‌వాయిస్ మీద స్టాంపు పడిందా లేదా, ఇవే నా ఉద్యోగం. 2004 డిసెంబరు 31తో ప్రపంచమంతా ఆ కోటాలు పోయాయి. మర్నాటికి నా బల్ల మీద సగం పని లేదు.

ఇంత పని ఎవడు కనిపెట్టాడ్రా అని అప్పట్లో విసుక్కునేవాళ్ళం. రిటైరయ్యాక తీరిగ్గా వెతికితే దారి హాంకాంగ్‌కీ, ఇంగ్లండులో నూలు మిల్లుల సీమ అయిన లాంకషైర్‌కీ పోయింది. హాంకాంగ్ అప్పుడు బ్రిటన్ వలస. పాలించే దేశమే తన పాలనలోని ఊరితో, మీ గుడ్డ మాకు ఇంతకు మించి పంపొద్దు అంది. 1959 ఫిబ్రవరి నుంచి మూడేళ్ళకు లెక్క కట్టారు. పుస్తకాలన్నీ దాన్ని ‘స్వచ్ఛంద’ ఒప్పందం అనే రాశాయి. నాకది మింగుడు పడలేదు. ఎక్కడో ఒక ఆర్డరు ఉండి తీరాలి, ఎవరో సంతకం పెట్టి ఉండాలి, అది నా కళ్ళతో చూడాలి అనిపించింది. అమ్మాయి లండన్‌లోనే, హౌన్స్‌లోలో ఉంటుంది కాబట్టి బస ఖర్చు లేదు. లేకపోతే ఈ పిచ్చికి మా ఆవిడ ఒప్పుకునేది కాదు.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. జూన్ 23న దరఖాస్తు పెట్టాను, ఫీజు 127 పౌండ్లు, పదిహేడు రోజులకు పాస్‌పోర్టు చేతికొచ్చింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఆర్కైవ్స్ కేటలాగు ఇంటర్నెట్‌లోనే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ‘హాంకాంగ్ టెక్స్‌టైల్స్’ అని కొట్టి ఎన్ని ఫలితాలు వచ్చాయో చూసి గుండె ఆగినంత పనైంది. ఒక విషయం ఒక్కచోట ఉండదని అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. వలసల సంగతి చూసే కొలోనియల్ ఆఫీసులో హాంకాంగ్ వ్యవహారం నడిపిన శాఖ ఫైళ్ళు సీఓ 1030 వరుసలో ఉంటాయి. వర్తకం చూసే బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఫైళ్ళు బీటీ అనే అక్షరాలతో మొదలవుతాయి. కొలోనియల్ ఆఫీసు పోయాక హాంకాంగ్ కాగితాలు ఎఫ్‌సీఓ 40కి మారాయి. మంత్రివర్గం కాగితాలు సీఏబీ 128, 129. ఈ చివరివి స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు, ఇంట్లో కూర్చునే చదవొచ్చు. వాటికోసం విమానం ఎక్కకండి. నేను నలభై ఒక్క నంబర్లు నోట్‌బుక్కులో రాసుకున్నాను. చివరికి పనికొచ్చినవి పద్నాలుగు.

సెప్టెంబరు 9, మంగళవారం. ఆర్కైవ్స్‌కి ఆది, సోమ సెలవు, అది ముందే చూసుకున్నాను. హెచ్ 37 బస్సులో రిచ్‌మండ్ దాకా, అక్కణ్ణుంచి రైల్లో ఒక్క స్టేషను. బస్సుకి పౌనూ డెబ్బై అయిదు పెన్నీలు. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. ముందు పెద్ద చెరువు, బాతులు, నెత్తి మీద హీత్రూకి దిగే విమానాలు. అంత ఉత్సాహంగా వెళ్ళి రీడర్స్ టికెట్ కౌంటర్ దగ్గర నిలబడితే రెండు రుజువులు అడిగారు, ఒకటి పేరుకి, ఒకటి చిరునామాకి. పాస్‌పోర్టు ఉంది. చిరునామాకని ప్రింటు తీసుకున్న బ్యాంకు స్టేట్‌మెంటు అమ్మాయి వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద ఉంది. అచ్చంగా నా తప్పే. ముప్పై ఏళ్ళు మన ఫైల్లో ఒక్క కాగితం తక్కువైతే కంటెయినర్ ఆగిపోతుందని కుర్రాళ్ళకు పాఠాలు చెప్పినవాణ్ణి!

ఆ రోజు మొత్తం పోయిందనుకున్నాను గానీ పోలేదు. టికెట్ లేకపోయినా లైబ్రరీలో కూర్చోవచ్చు, అక్కడి కంప్యూటర్లు వాడుకోవచ్చు. మధ్యాహ్నం దాకా కేబినెట్ కాగితాలే మళ్ళీ చదివాను. రెండోసారి చదవడం మంచిదైంది. 1958 నాటికి బ్రిటన్ ఎగుమతి చేసే నూలుగుడ్డ కన్నా దిగుమతి చేసుకునేదే ఎక్కువైంది. మా తాత తరం గ్లాస్కో పంచె కట్టడం గొప్పగా చెప్పుకునేది, ఆ తర్వాత తరం అదే సీమగుడ్డను నడివీధిలో కుప్పపోసి కాల్చింది. ముప్పై ఏళ్ళు తిరక్కుండా ఆ మిల్లుల వాళ్ళే మాకు దిక్కెవరని మంత్రుల గుమ్మం ముందు నిలబడ్డారు. నాకు సంతోషం కలగలేదు, నవ్వు మాత్రం వచ్చింది. ఆ మిల్లుల ఊళ్ళలో ఓట్లున్నాయి, 1959 అక్టోబరులో ఎన్నికలున్నాయి. హాంకాంగ్‌కి ఓట్లు లేవు.

బుధవారం టికెట్ చేతికొచ్చింది. ఫోటో అక్కడే తీస్తారు, డబ్బు తీసుకోరు. కాగితాలు ఎలా పట్టుకోవాలో నేర్పే చిన్న పాఠం కంప్యూటర్ మీద పూర్తి చేయాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. సంచి, కోటు, నీళ్ళసీసా లాకర్‌లో పెట్టి, లాప్‌టాప్, ఫోను, కాగితాలు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచిలో తీసుకెళ్ళాలి. ఫోటోలు తీసుకోవచ్చు, దానికీ డబ్బు లేదు, ఫ్లాష్ మాత్రం వద్దంటారు. ఇది నాకు పెద్ద ఊరట. పేజీకింత అంటారేమోనని విడిగా రెండొందల పౌండ్లు దాచుకున్నాను.

ఒకసారికి మూడు ఫైళ్ళు. ఆర్డరు పెట్టాక సుమారు గంట ఆగాలి. మన సీటు నంబరుతో ఒక అద్దాల అర ఉంటుంది, ఫైళ్ళు అందులోకి వస్తాయి. నేను మొదటి గంటలో అయిదుసార్లు లేచి వెళ్ళి ఆ అరలోకి చూసొచ్చాను. పక్క సీటావిడ నన్ను చూసి నవ్వింది, ఆవిడకీ ఒకప్పుడు అంతేనట. ఈ గంట ఖాళీగా పోగొట్టుకోకూడదని రెండో రోజుకి తెలిసింది. చేతిలో మూడు ఉండగానే వాటిలో ఒకటి తిరిగిచ్చి నాలుగోదానికి ఆర్డరు పెట్టాలి. అన్నీ అయ్యాక పెడదామనుకుంటే రోజుకి రెండు గంటలు కళ్ళు తెరుచుకుని కూర్చోవడమే.

మొదటి ఫైలు విప్పాను. దారపు ముడి వంటి ట్యాగుతో గుదిగుచ్చిన కాగితాలు. సగం పలచటి కార్బన్ కాపీలు, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరేటట్టున్నాయి. చదవడం మొదలుపెట్టి పావుగంట తర్వాత గానీ వెలగలేదు, నేను కథ చివర్నుంచి మొదలుపెట్టానని. కొత్త కాగితం పైన పెడుతూ పోతారు కాబట్టి ఫైలుని వెనక నుంచి ముందుకు చదవాలి. మా ఆఫీసులోనూ అంతే చేసేవాళ్ళం కదా, ఇక్కడ తట్టలేదు. ఇంకొకటి, అసలు రసమంతా అచ్చు కాగితాల్లో ఉండదు. అధికారులు ఒకరి కింద ఒకరు చేత్తో రాసుకున్న మినిట్స్‌లో ఉంటుంది. ఆ దస్తూరీలు అలవాటవడానికే రెండు రోజులు పట్టింది. ‘సేవింగ్రామ్’ అన్న మాట చూసి ఏదో పొదుపు పథకం అనుకున్నాను. టెలిగ్రామ్ లాగా రాసి, తీగ ఖర్చు లేకుండా టపా సంచిలో పంపేదట!

గురు, శుక్ర, శనివారాలు ఒకే గొడవలో మునిగిపోయాను. గవర్నర్ రాబర్ట్ బ్లాక్ పేరుతో హాంకాంగ్ నుంచి వచ్చే టెలిగ్రాములు ఒకవైపు. చైనా నుంచి శరణార్థులు లక్షల్లో వచ్చారు, కొరియా యుద్ధంలో చైనాతో వర్తకం మీద ఆంక్షలు పెట్టి మా పాత బతుకుతెరువు మీరే తీసేశారు, షాంఘై నుంచి వచ్చిన మిల్లులవాళ్ళ వల్ల నాలుగు మెతుకులు తింటున్నాం, ఇప్పుడు అదీ ఆపమంటారా అన్నది వాళ్ళ వాదన. ఇటువైపు బోర్డ్ ఆఫ్ ట్రేడ్, దాని వెనక లాంకషైర్ మిల్లుల తరఫున మాట్లాడే కాటన్ బోర్డు. మధ్యలో కొలోనియల్ ఆఫీసు. నాకు అందరికన్నా జాలి వేసింది వీళ్ళ మీద. వలస ప్రజల బాగు చూడటం వాళ్ళ ఉద్యోగం, జీతం ఇచ్చేది మాత్రం లండన్. అల్లుడికీ కొడుక్కీ తగువొచ్చినప్పటి ఇంటి పెద్ద పరిస్థితి.

బ్రిటన్ తానుగా దిగుమతి కోటా పెట్టొచ్చు. పెడితే 1932 నాటి ఒట్టావా ఒప్పందాల నుంచి సామ్రాజ్యం సరుకుకు సుంకం లేకుండా తెరిచి ఉంచిన తలుపు మూసినట్టు. పైగా తన పాలనలోని వాళ్ళ నోటి దగ్గర కూడు తానే లాగేసిందన్న మాట పడాలి. అందుకని ప్రభుత్వం ప్రభుత్వంతో మాట్లాడకుండా, మిల్లులవాళ్ళు మిల్లులవాళ్ళతో మాట్లాడుకుని ‘స్వచ్ఛందంగా’ ఒప్పుకోవాలి. అలా ఒప్పుకునేదాకా అందరూ కలిసి ఒత్తిడి పెట్టాలి. ఒప్పుకోకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ పైకి అనరు. పద్ధతి ఇదీ.

ఇందులో మనమూ ఉన్నామని శుక్రవారం తెలిసింది. బ్రిటన్‌కి గుడ్డ పంపేవాళ్ళలో హాంకాంగ్‌తో పాటు ఇండియా, పాకిస్తాన్ ఉన్నాయి. హాంకాంగ్ ఒప్పుకుంటేనే మేమూ పరిమితికి ఒప్పుకుంటామని మనవాళ్ళు షరతు పెట్టారు. అంటే హాంకాంగ్ మెడ మీద పడ్డ చేతుల్లో ఒకటి మనది. చివరికి తేలిన లెక్క ఏడాదికి హాంకాంగ్‌కి 16.4 కోట్ల చదరపు గజాలు, ఇండియాకి 17.5 కోట్లు. ఆ రెండు అంకెలూ ఒకే కాగితం మీద చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మనది స్వతంత్ర దేశం, వాళ్ళది వలస. ఒప్పందం మాత్రం ఒకే రకం, మాట కూడా అదే, స్వచ్ఛందం.

శనివారం మధ్యాహ్నం కాంటీన్‌లో అమ్మాయి కట్టిచ్చిన పులిహోర తింటూ నా నోట్స్ చూసుకుంటే ఏడుపొచ్చినంత పనైంది. నాలుగు రోజులైంది, లండన్ ఇచ్చి ఉంటుందనుకున్న ఆర్డరు దొరకలేదు. ఒక ఫైల్లో సరిగ్గా 1958 డిసెంబరు దగ్గర, హాంకాంగ్ మిల్లులు ఒప్పుకున్న నెలలో, ఒక కాగితం ఉండాల్సిన చోట చీటీ ఒకటి కనిపించింది. ప్రభుత్వ రికార్డుల చట్టం సెక్షన్ 3(4) కింద ఈ పత్రాన్ని శాఖే అట్టేపెట్టుకుందని దాని సారాంశం. మామూలుగా, ముప్పై ఏళ్ళయ్యాక కాగితాలు జనానికి తెరవాలన్న నియమం ప్రకారం ఈ ఫైళ్ళన్నీ ఎప్పుడో తెరిచారు. ఈ ఒక్కటీ ఎందుకు ఆపారు? అదే నా ఆర్డరు అని మనసులో ఖాయం చేసుకున్నాను. ఆదివారం, సోమవారం నిద్ర సరిగా పట్టలేదు. అల్లుడు మాత్రం, మామయ్యగారూ, అది వంటగది ఖర్చుల బిల్లు కూడా కావచ్చు కదా అన్నాడు. ఆ మాట అప్పుడు నచ్చలేదు.

16వ తేదీ మంగళవారం బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఫైళ్ళు తెప్పించాను. ఒక శాఖ దాచుకున్న కాగితానికి నకలు ఇంకో శాఖ ఫైల్లో మామూలుగా పడి ఉండటం జరుగుతుందని పక్క సీటావిడే చెప్పింది. ఆవిడ పుణ్యమా అని వెతికాను. ఆ చీటీ వెనకున్న కాగితం ఏదో నాకు ఇప్పటికీ రూఢి కాలేదు గానీ, దాని ముందూ వెనకా జరిగినదంతా బీటీ ఫైల్లో తేదీల వారీగా ఉంది. ఆర్డరు లేదు. ఎక్కడా లేదు. ఉంటే చెడిపోయే ఏర్పాటు అది. లండన్ రాసిస్తే అది వలస మీద ఆజ్ఞ అవుతుంది, అందుకే రాయకుండా జాగ్రత్తపడ్డారు. నేను ఆరు రోజులు వెతికింది లేకుండా ఉంచడానికి అంతమంది అన్ని నెలలు కష్టపడ్డారు. మొదట నీరసం వచ్చింది. టీ తాగొచ్చాక అదే ఫైలు మళ్ళీ చదివితే ప్రతి వాక్యంలో ఆ జాగ్రత్త కనపడింది.

ఆ సాయంత్రం దొరికిందే నా ప్రయాణానికి ఫలం. మంగళ, గురువారాల్లో ఏడింటిదాకా తెరిచి ఉంచుతారు, మిగతా రోజుల్లో అయిదింటికే లేపేస్తారు. దూరం నుంచి వచ్చేవాళ్ళు ఈ రెండు రోజుల్నీ దృష్టిలో పెట్టుకుని టికెట్లు కొనుక్కోండి. ఆరు దాటాక, అలసిపోయి తిరగేస్తుంటే, 16.4 కోట్ల గజాల్ని హాంకాంగ్ లోపల ఎవరెవరికి ఎలా పంచాలన్న గొడవ కనపడింది. ఒప్పందం చేసుకున్నది మిల్లులైనా ఎగుమతి లైసెన్సుల ద్వారా అమలు చేయాల్సింది హాంకాంగ్ ప్రభుత్వమే. కోటా నేసినవాడిదా, ఓడెక్కించిన వర్తకుడిదా? వెనకటి ఏళ్ళలో ఎవరు ఎంత పంపారో చూసి దాన్నిబట్టి ఇవ్వాలా? కొత్తగా వచ్చినవాడి గతేమిటి?

నా చేతులు వణికాయి. ‘పాస్ట్ పెర్ఫార్మెన్స్’! ఆ రెండు మాటల చుట్టూ నా ఉద్యోగమంతా తిరిగింది. వెనకటి ఎగుమతుల లెక్క మీద మాకు కోటా వచ్చేది. కొత్త కంపెనీలు తమకు రాలేదని గోల పెట్టేవి. పాతవాడు మెషీన్లు అమ్మేసుకుని కూడా కోటా కాగితం అమ్ముకుని బతికేవాడు. నేను 1980ల్లో చెన్నైలో పడ్డ తగువు, 1959లో హాంకాంగ్ వాళ్ళు అక్షరం పొల్లుపోకుండా పడి ఉన్నారు. పక్కనెవరూ లేరు చెప్పుకోవడానికి. ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది. మా పాత బాస్‌కి వాట్సాప్‌లో రెండు వాక్యాలు పెట్టాను. చెన్నైలో అప్పుడు రాత్రి పదిన్నర దాటింది, అయినా వెంటనే జవాబొచ్చింది, ఒక నమస్కారం బొమ్మ.

17న ఎఫ్‌సీఓ 40 ఫైళ్ళు చూశాను, పైపైనే. మూడేళ్ళకని మొదలైంది మళ్ళీ మళ్ళీ పొడిగించారు. 1961లో జెనీవాలో అమెరికా చొరవతో అందరికీ కలిపి ఏర్పాటు వచ్చింది, 1962లో అది దీర్ఘకాలిక ఒప్పందమైంది, 1974 నుంచి మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్, అంటే నేను ఉద్యోగంలో లెక్కలు కట్టిన కోటాలకు మూలమైన మా ఎంఎఫ్ఏ. మధ్యలో 1964 అక్టోబరులో బ్రిటన్ దిగుమతుల మీద 15 శాతం సర్‌చార్జి వేసినప్పుడు హాంకాంగ్‌నీ మినహాయించలేదు. 1972 నుంచి కామన్వెల్త్ నూలుగుడ్డ మీద సుంకం కూడా వేసింది. ఆ ఏళ్ళలో చర్చలకు హాంకాంగ్ వాళ్ళు బ్రిటన్ బృందంలో భాగంగా వెళ్ళాలి. అంటే ఎవరితో తగువో వాళ్ళ పక్కనే కూర్చోవాలి. దేశాల మధ్య వర్తకానికి నియమాలు పెట్టే గాట్ ఒప్పందంలో హాంకాంగ్‌కి సొంత కుర్చీ దొరికింది 1986 ఏప్రిల్‌లో. ఇదంతా ఇంకో ప్రయాణానికి సరిపోయే పని, నాకు ఓపిక చాల్లేదు.

18వ తేదీ గురువారం ఆఖరి రోజు. చదవడం మానేసి ఫోటోలే తీశాను. ఫోను చార్జరు తీసుకెళ్ళండి. ప్రతి ఫైలుకీ మొదట దాని నంబరు రాసిన చీటీని ఫోటో తీసి, తర్వాత పేజీలు తీయండి. నేను మొదటి రెండు రోజులు అలా చేయక, ఏ పేజీ ఏ ఫైలుదో తెలియని నూట పదమూడు ఫోటోలతో కుస్తీ పడుతున్నాను. వీసా, విమానం కాకుండా ఈ ఎనిమిది రోజులకీ నాకైన ఖర్చు రానూపోనూ ఛార్జీలు, కాంటీన్ టీ, నాలుగు పెన్సిళ్ళు. దాచిన రెండొందల పౌండ్లు మనవడి సైకిల్‌కి పోయాయి.

ఇంటికొచ్చాక లెక్కపెడితే 1,140 ఫోటోలు. ముప్పై ఎనిమిదింటిలో నా బొటనవేలే ఉంది, లేదా అక్షరాలు మసకబారాయి. ఆ మసకబారిన వాటిలో ఒకటి కోటా ఎలా పంచాలన్న నోట్‌లో రెండో పేజీ, నాకు అన్నిటికన్నా కావాల్సింది. అమ్మాయికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరే నాన్నా, ఈ శనివారం వెళ్తాను. ఫైలు నంబరు మెసేజ్ పెట్టు. రెండు రుజువులూ ముందే సంచిలో పెట్టుకుంటాలే,” అంది.